బందరు రేవులో ఓడ కట్టే చోటు కూడా ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

మచిలీపట్నం రేవు పనుల గురించి మీ పత్రికలో వస్తున్న కథనాలను మొదటి నుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. బెర్తుల పని ఎంతవరకు వచ్చింది, బ్రేక్‌వాటర్ గోడలకు రాయి ఎక్కడి నుంచి వస్తోంది, రోడ్డూ రైలూ ఎక్కడ కలుస్తాయి అన్న వివరాలు పాఠకులకు బాగానే అందుతున్నాయి. ఇన్ని వివరాల మధ్య ఒక్క సంగతి మాత్రం ఎక్కడా కనబడలేదు. ఆ రేవుకు ఓడలు వస్తాయి, సరుకు దించుకుంటాయి, ఎక్కించుకుంటాయి, వెళ్ళిపోతాయి. ఆ ఓడలను కట్టేవారికి, దెబ్బతిన్న ఓడను ఒడ్డుకు ఎక్కించి బాగుచేసేవారికి అక్కడ చోటు ఉందా లేదా అన్నది ఎవరూ అడగడం లేదు. కృష్ణా గోదావరీ ముఖాల మధ్య ఉన్న మన తీరం పేరు ప్రపంచానికి తెలిసింది రేవుల వల్ల ఎంతో, ఆ రేవుల పక్కన పనిచేసిన వడ్రంగులు, కమ్మరులు, తాళ్ళు పేనేవారి వల్ల కూడా అంతే కనుక ఈ ప్రశ్న ఇప్పుడే, ప్రణాళికలు కాగితం మీద ఉండగానే అడగాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది విజయవాడలో, బందరు కాలువకు కూతవేటు దూరంలో. మా తాత కాలువ పడవలు కట్టే వడ్రంగి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పొలాలకు నీళ్ళు ఇవ్వడమే కాక దారులు కూడా అయ్యాయి. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు, రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి ఊరు చేర్చే రాదారి పడవలు మా తాత తరానికి నిత్యం కనిపించేవి. ఆయన కర్ర చెక్కడానికి వాడిన బాడిస ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాని తుమ్మ పిడి మీద బొటనవేలు ఆనిన చోట చిన్న గుంట పడి అద్దంలా నున్నగా ఉంటుంది. ఇనుప పలక మాత్రం ఎన్నిసార్లు నూరారో గాని సగానికి సగం అరిగిపోయింది. పడవ పక్కటెముకలకు తిన్నని దుంగ పనికిరాదని, చెట్టు మీద ఉండగానే వంగి పెరిగిన కొమ్మను వెదికి తెచ్చి ఆ వంపు చెడకుండా చెక్కాలని ఆయన చెప్పేవారు. తిన్నని కర్రను వంపుగా కోస్తే దాని నార మధ్యలో తెగిపోతుంది, అది మొదటి దెబ్బకే విరుగుతుంది. పలకల సందుల్లో నార కూరి, గుగ్గిలమూ నూనే కలిపి కాచిన ముద్ద మెత్తి, పడవను నీటిలోకి దించే ముందు పడవలోనే నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి, బయట ఎక్కడ చెమరుస్తోందో పొద్దున్నే చేత్తో తడిమి చూసేవారట. నేను చరిత్ర పాఠం చెప్పి బతికినవాణ్ణి. ఓడలంటే ఏమిటో మాత్రం నాకు ముందుగా తెలిసింది పుస్తకంలో కాదు, ఆ బాడిస పిడి మీద.

మన తీరపు ఓడల చరిత్ర చాలా వెనక నుంచి మొదలవుతుంది. 1వ శతాబ్దిలో ఒక గ్రీకు వర్తకుడు మసాలియా అని పేరు పెట్టి, అక్కడ సన్నని నూలు బట్ట విస్తారంగా నేస్తారని రాసినది మన కృష్ణా తీరం గురించే. మరో శతాబ్ది తర్వాత భూగోళ గ్రంథం రాసిన టాలెమీ పేర్కొన్న కొంటకొస్సిల మన ఘంటసాల అని పండితులు గుర్తించారు. ఓడలు ఒడ్డు వెంబడి పోవడం మాని, బంగారు దేశానికని, అంటే ఆగ్నేయాసియాకని, నడిసముద్రంలోకి తిరిగే చోటు కూడా ఈ తీరంలోనే ఉందని ఆయన రాశాడు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో శివకుడనే మహానావికుడి పేరు ఉంది. శాతవాహనులు సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడను ముద్రించారు. ఒక రాజ్యం తన నాణెం మీద ఓడ బొమ్మ వేసిందంటే ఆ రాజ్యపు ఆదాయంలో సముద్రం వాటా ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపి నిలబెట్టేది మోటుపల్లి. గుంటూరు నుంచి చీరాల మీదుగా చినగంజాం దాకా వెళ్ళి, అక్కడి నుంచి సముద్రం వైపు తిరిగితే వచ్చే ఆ చిన్న ఊళ్ళో వీరభద్రాలయపు మండప స్తంభం మీద కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244–45లో, వేయించిన అభయ శాసనం ఉంది. ఒక దేశం నుంచి మరొక దేశానికి పోతూ తుపానుకు చిక్కి, బద్దలై ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకంతటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చే వర్తకుల మీద దయతో తాము నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నామని అందులో ఉంది. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పైకి ఒకటి. ఆ తర్వాత చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టుదారం, పగడాలు అంటూ దేనిమీద ఎంత వసూలు చేయాలో వరుసగా చెక్కించారు. అది చదువుతున్నప్పుడు నాకు ఆ రోజుల సుంకం చావడిలో నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఓడ మునిగిన వర్తకుడు ఏ ఒడ్డుకు కొట్టుకువచ్చినా అక్కడి రాజు చేతిలో రెండోసారి మునిగే కాలంలో, మా ఒడ్డున అలా జరగదని రాతి మీద మాట ఇచ్చిన ప్రభువు ఆయన. అర్ధ శతాబ్దం గడవకుండానే ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్నీ, దాన్ని ఏలిన రాణినీ, అక్కడి వజ్రాలనూ, సాలెగూడులా కనిపించే సన్నని బట్టలనూ మెచ్చుకుంటూ చెప్పాడు.

1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్ళీ అభయం ఇచ్చాడు. అక్కడ కాపురం పెట్టడానికి వచ్చే వర్తకులకు భూమి ఇస్తామని, వెళ్ళిపోదలచుకున్నవారిని అడ్డగించమని, వారసులు లేకుండా చనిపోయినవారి ఆస్తి రాజు తీసుకునే అపుత్రిక పద్ధతిని ఎత్తివేస్తున్నామని ప్రకటించాడు. పరాయి ఊరి వర్తకులకూ తెలిసేలా దాన్ని తమిళంలో కూడా చెక్కించాడు. కొండవీటి రాజులకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ్య శెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిస్తూ, ఆ శెట్టి సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి (పారశీక సింధుశాఖ ముఖాన ఉన్న హోర్ముజ్) నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు తెప్పించాడని పొగిడాడు. కొండవీటి గట్టు మీద కూర్చున్న రాజుల దగ్గరికి ప్రపంచం ఓడల మీద వచ్చిన కాలం అది.

ఇక ఓడ కట్టడం సంగతి. ఈ విషయంలో మచిలీపట్నం కంటే ముందు చెప్పుకోవలసింది గోదావరి ముఖాన ఉన్న నరసాపురం, దాని పక్కనే ఉన్న మాధవాయపాలెం. ఇంగ్లీషువారు మడపోలం అన్న ఊరు ఇదే. దాని పేరు మీద ఒక రకం నూలు బట్ట ప్రపంచమంతా చెలామణి అయింది. 1669–79 మధ్య బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే ఆంగ్ల నావికుడు నరసాపురంలో ఇంగ్లీషు వర్తకులు, ఇతరులు ఏటేటా ఓడలు కట్టించుకుంటారని రాశాడు. మంచి కలప కావలసినంత దొరుకుతుందని, ఈ తీరం మొత్తంలో మేలైన ఇనుము ఇక్కడిదేనని, మేకులు, బోల్టులు, లంగర్లు స్థానిక కమ్మరులే నేర్పుగా చేస్తారని, ఆరితేరిన ఓడ మేస్త్రీలు పలువురున్నారని, ఓడను నీటిలోకి దించడంలో వారి వివేకం తాను లోకంలో ఎక్కడ చూసినదానికీ తీసిపోదని, ఓడ తాళ్ళు చేయడంలోనూ వారిది గొప్ప పద్ధతి అని ఆయన సాక్ష్యం. ఇది మన గొప్ప మనం చెప్పుకున్నది కాదు. తన డబ్బుతో, తన ప్రాణంతో ఓడ ఎక్కే మనిషి మాట.

ఆ మాటల వెనక ఎన్ని చేతులున్నాయో ఆలోచించాలి. కొండల్లో టేకు నరికి గోదావరి మీద తెప్పలుగా దింపేవారు, బొగ్గు కాల్చి ఇనుము కరిగించేవారు, కొలిమిలో లంగరు సాగగొట్టేవారు, పలకలు కోసేవారు, నార పేనేవారు, తెరచాప బట్ట నేసేవారు, ఇంతమంది ఒకే నది వెంట ఉంటేనే ఓడ ఒకటి లేచేది. రేవు అంటే ఓడ ఆగే చోటు మాత్రమే కాదని, వెనుక ఇంత పెద్ద పని ప్రపంచం ఉన్నప్పుడే రేవు నిలుస్తుందని నేను నమ్మడానికి కారణం ఇదే.

మచిలీపట్నం గురించి పాఠకులకు ఎక్కువ చెప్పనక్కరలేదు. 1606 నాటికి డచ్చివారు, 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువారు ఈ తీరానికి వచ్చారు. గ్లోబ్ బందరు కంటే ముందు ఆగింది మన నిజాంపట్నంలోనే. అక్కడ దొరికే చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపు రంగు కోసం, కలంకారీ అద్దకాల కోసం వారి పోటీ. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన బంగారు ఫర్మానాతో ఇంగ్లీషువారు ఏడాదికి 500 వరహాలు కట్టి రాజ్యంలోని రేవుల్లో వర్తకం చేసుకున్నారు. ఆ వచ్చినవారినే మనం ఎక్కువగా తలచుకుంటాం గాని, అప్పటికే బందరు నుంచి బర్మా వైపు పెగూ, తెనాసరిం, సుమత్రాలోని అచ్చే, ఎర్రసముద్రం మీది మోఖా, పారశీక రేవులకు మన తీరం ఓడలు తిరుగుతున్నాయి. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకు సొంత ఓడలు ఉండేవి. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చినవి కుట్టు పడవలు. ఒక్క మేకు లేకుండా పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి కట్టిన ఈ పడవలు కెరటం కొట్టినప్పుడు విరగకుండా వంగి సర్దుకునేవి. మద్రాసు రేవు కూడా చాలాకాలం వీటి మీదే నడిచింది. ఇంగ్లీషువారు వాటిని మసూలా పడవలన్నారు.

కోరంగి సంగతి కూడా చెప్పుకోవాలి. గోదావరి ముఖాన ఉన్న ఆ ఊళ్ళో ఓడలు కట్టారు, బాగుచేశారు. 1802లో బ్రిటిష్ రాజ నౌకాదళపు ఓడలను బాగుచేయడానికి అక్కడ ఒక గోదీ కట్టించారు. బర్మాకు అక్కడి నుంచి ఎంతమంది తెలుగువారు ఓడలెక్కారంటే, ఆ దేశంలో తెలుగు కూలీకి కోరంగీ అన్నదే పేరైపోయింది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఆ ఊరిని దెబ్బతీసింది. మరో పాతికేళ్ళకు, 1864 నవంబరు 1న, బందరు మీద విరుచుకుపడిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది.

ఈ ఓడ కట్టే పని ఎందుకు చచ్చిపోయిందని అడిగితే అంతా తెల్లవాడి కుట్ర అనడం నాకు సమ్మతం కాదు. నదీముఖాలు ఒండ్రుతో మేటవేశాయి, తుపానులు ఊళ్ళకు ఊళ్ళనే తుడిచాయి, ఇనుప ఓడలూ ఆవిరి యంత్రాలూ వచ్చాక టేకు ఓడకు గిరాకీ పడిపోయింది, 1869లో సూయజ్ కాలువ తెరిచాక తెరచాప ఓడల రోజులు దగ్గరపడ్డాయి. అయితే చట్టాల పాత్రను దాచిపెట్టడం కూడా న్యాయం కాదు. బ్రిటిష్ ఓడగా చెల్లాలంటే నావికుల్లో నాలుగింట మూడు వంతులు బ్రిటిష్‌వారే ఉండాలని నియమం పెట్టి, 19వ శతాబ్ది తొలి రోజుల్లో భారతీయ కళాసీలను, అంటే మన ఓడ పనివారిని, ఆ లెక్కలోకి రాకుండా చేశారు. మన ఓడ, మన కళాసీ ఇంగ్లండు రేవులో పరాయివారయ్యారు. చెక్క నుంచి ఇనుముకు మారడం అన్ని దేశాలకూ వచ్చిన కష్టమే. మిగిలిన దేశాల మేస్త్రీలకు ఆ మార్పు నేర్చుకునే కర్మాగారం దొరికింది. నరసాపురం మేస్త్రీకి దొరకలేదు. అసలు నష్టం నా దృష్టిలో అక్కడ జరిగింది.

మళ్ళీ ఆ దారి తెరుచుకున్నది విశాఖపట్నంలో. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో సింధియా కంపెనీ తలపెట్టిన నౌకా నిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అయినా ఆ ప్రయత్నం చివరికి ఫలించింది. 1948 మార్చి 14న జల ఉష అనే ఓడను నెహ్రూ నీటిలోకి దించారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడ తెలుగు నేల మీద తయారైంది. దక్షిణ కొరియాలో ఉల్సాన్ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది 1972లో. ఆ కేంద్రాన్ని మన విశాఖ కంటే ముప్పై ఏళ్ళు వెనక మొదలుపెట్టిన ఆ దేశం ఈరోజు చైనా, జపానులతో కలిసి ప్రపంచపు ఓడల నిర్మాణంలో 90 శాతానికి పైగా పంచుకుంటుంటే, మన దేశం వాటా ఒక్క శాతం కూడా లేదు. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ రంగానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించింది. ఆ డబ్బు ఏ తీరానికి వెళ్తుందన్నది ఏ తీరం ముందుగా అడుగుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఇతర రాష్ట్రాలు అడుగుతున్నాయి. సుమారు 1,000 కిలోమీటర్ల తీరం ఉన్న మనం కూడా విశాఖ ఒక్కటే చాలునని ఊరుకోకూడదు.

బందరులో మహానౌకలు కట్టాలని నేను అనడం లేదు. అక్కడి లోతు, నేల, ఉప్పెన భయం నాకు తెలియనివి కావు. కాని చేపల వేట బోట్లు, తీరం వెంట సరుకు మోసే చిన్న ఓడలు, టగ్గులు, బార్జీలు కట్టడానికీ, బాగుచేయడానికీ ఒక చోటు రేవు ప్రణాళికలోనే విడిగా కేటాయించవచ్చు. నేను కిందటి సంక్రాంతికి బందరు పక్కనున్న గిలకలదిండి వెళ్ళినప్పుడు ఒడ్డుకు ఎక్కించి ఉన్న ఒక బోటు కింద ఇద్దరు పనివారు పని చేస్తున్నారు. ఒకాయనకు అరవై దాటి ఉంటాయి. రెండో అతను ఆయన అల్లుడు. ముసలాయన సుత్తితో పలక మీద తడుతూ చెవి ఒగ్గి వింటున్నాడు. ఏం వింటున్నావు పెద్దాయనా అంటే, మంచి చెక్క గంట కొట్టినట్టు పలుకుతుంది బాబూ, లోపల పుచ్చితే మొద్దుగా పలుకుతుంది అన్నాడు. ఈ పని ఎవరికి నేర్పుతున్నావని అడిగాను. అల్లుణ్ణి చూపించి, వీడు కూడా వచ్చే ఏడాది హైదరాబాదు వెళ్ళి ఫర్నిచరు పనిలో చేరతానంటున్నాడు అన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టుగా ఈ పనివారిని మనం వదిలేశాం. వారి చెవిలో ఉన్న చదువు ఏ ఐటీఐ సిలబసులోనూ లేదు.

అందుచేత రేవు పనులు చూస్తున్న అధికారులకు, మన ప్రజాప్రతినిధులకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. రేవు పక్కన నౌకా మరమ్మతు, నిర్మాణ కేంద్రానికి భూమి ఇప్పుడే విడిగా ఉంచాలి. తర్వాత చూద్దామంటే ఆ భూమి గిడ్డంగులకు పోతుంది, ఇక తిరిగి రాదు. దానికి అనుబంధంగా ఫైబరు, ఉక్కు, చెక్క బోట్ల పని నేర్పే శిక్షణ సంస్థ పెట్టి, సర్టిఫికెట్టు ఉన్న ఉపాధ్యాయుల పక్కనే పని తెలిసిన మేస్త్రీలను కూడా జీతమిచ్చి కూర్చోబెట్టాలి. తాళ్ళరేవు, నరసాపురం, బందరు, నిజాంపట్నం ప్రాంతాల్లో ఇంకా ఉన్న ఓడ వడ్రంగుల పనినీ, వారు వాడే మాటలనూ విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి వీడియోలోనూ అక్షరంలోనూ దాచాలి. పడవలోని ఒక్కో భాగానికి, ఒక్కో అతుకుకు మన భాషలో ఉన్న పేర్లు నిఘంటువుల్లోకి పూర్తిగా రాలేదు. మా తాత వాడిన మాటల్లో సగం నేనే మరిచిపోయాను.

ఇంకొక్కటి. మోటుపల్లి అభయ శాసనం పూర్తి పాఠాన్నీ, దాని తెలుగు తాత్పర్యాన్నీ కొత్త రేవులో సుంకం కార్యాలయం ఎదుట, వచ్చిపోయేవారందరికీ కనబడేలా రాతి మీద చెక్కించాలి. ముప్పైకి ఒకటి అన్న ఆ లెక్క కూడా విడిచిపెట్టకుండా చెక్కించాలి. దాని పక్కన నరసాపురం ఓడ మేస్త్రీల గురించి బౌరీ చెప్పిన మాటలకు కూడా చోటు ఉంటే బాగుంటుంది.

మా తాత బాడిసను అటువంటి చోట ఉంచదలిస్తే ఇవ్వడానికి మా కుటుంబం ఒప్పుకుంది.

భవదీయుడు,
విశ్రాంత చరిత్రోపన్యాసకుడు,
విజయవాడ.